స్పోర్ట్స్ కారూ, నాన్నగారి మారుతీ
(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమని అడిగినప్పుడు మన కార్యదర్శిగారు ఒక షరతు పెట్టారు. "అన్నగారూ, విదేశాల్లో ఎంత కష్టపడి పైకొచ్చారో మాత్రం చెప్పకండి. ఆ సంగతి ఇప్పటికే నలుగురు చెబుతున్నారు. మీ దగ్గర రెండు పాత కార్లున్నాయట కదా, వాటి గురించి చెప్పండి" అన్నారు. మంచి షరతే. నాకూ నా గురించి కంటే కార్ల గురించి మాట్లాడటమే తేలిక.

నాది 1976 పదో తరగతి బ్యాచ్. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఇంగ్లండులో, కోవెంట్రీ దగ్గర, కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరుగా పనిచేశాను. అక్కడ నా దగ్గర 1972 మోడల్ ఎరుపు రంగు ఎంజీబీ ఉంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఇక్కడ, ఈ బడికి రెండు వీధుల అవతల మా ఇంట్లో, నాన్నగారు కొన్న 1987 మోడల్ తెల్లటి మారుతి 800 ఉంది. రెండింటినీ నడిపాను, రెండింటి కిందా పడుకుని చేతులు నల్లచేసుకున్నాను. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దామని నా ఉద్దేశం. చివర్లో ఒకదాన్ని వదులుకోవలసిన అవసరం కూడా ఉంది. దేన్ని అనేది కూడా ఈ రోజే చెబుతాను.

ముందు ఒక మాట. మనం పాత కారు కనిపిస్తే చాలు 'వింటేజ్ కారు' అనేస్తాం. ఇంగ్లండులో కార్ల సంఘాల వాళ్ళు ఈ విషయంలో మన తెలుగు మాస్టారి కంటే పట్టుదల మనుషులు. అక్కడ వింటేజ్ అంటే 1919 నుంచి 1930 దాకా తయారైనదే. నా ఎంజీబీని వింటేజ్ అంటే మొహం మీదే దిద్దుతారు. అది 'క్లాసిక్' మాత్రమే. మన దేశంలో లెక్క వేరు. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులేవీ చేయకుండా ఉన్న బండి వింటేజ్ బండి. అంటే ఇవాళ్టితో మన సంఘం కూడా ప్రభుత్వ లెక్కల్లో వింటేజ్ అయినట్టే. అందరికీ శుభాకాంక్షలు. ఈ యాభై అనే అంకెను కొంచెం గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు ఎంజీబీ సంగతి. ఎంజీ అంటే కుర్రవాళ్ళకు హెక్టర్ గుర్తొస్తుంది. ఆ పేరు ఇప్పుడు చైనా కంపెనీ చేతిలో ఉంది, మన దేశంలో 2019 నుంచి అమ్ముతున్నారు. అసలు ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డులో విలియం మోరిస్ అనే ఆయన నడిపిన షాపు అది. అక్కడ మేనేజరుగా చేరిన సిసిల్ కింబర్, మామూలు మోరిస్ కార్ల మీద అందమైన బాడీలు కట్టి అమ్మడం మొదలుపెట్టాడు. అంటే ఈ స్పోర్ట్స్ కారు వంశానికి మూలపురుషుడు ఒక సంసారపక్షపు కారే! ఎంజీబీ 1962లో వచ్చింది. ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్ళోని ఫ్యాక్టరీలో 1980 దాకా తయారైంది. అయిదు లక్షలకు పైగా చేశారు. స్పోర్ట్స్ కారంటే కోటీశ్వరులదే అనుకుంటాం కానీ, ఇది బడిపంతుళ్ళు, గుమాస్తాలు కూడా కూడబెట్టి కొనుక్కున్న స్పోర్ట్స్ కారు.

మారుతి 800 సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ హాల్లో యాభై దాటిన వాళ్ళలో దానిలో ఎక్కని వాళ్ళుంటే చెయ్యెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు హర్పాల్ సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి అందుకున్నారు. ధర సుమారు యాభై వేలు. అప్పటిదాకా మనకు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, వాటికోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపు. 1986లో 800కు ఆకారం మారింది. మనందరి కళ్ళలో ఉన్న రూపం అదే. మా నాన్నగారు బ్యాంకులో పనిచేసేవారు. బ్యాంకు లోను పెట్టి 1987లో కొన్నారు. బెజవాడ కనకదుర్గమ్మ గుడి దగ్గర పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చారు.

లెక్కల మాస్టారు ముందు వరసలో ఉన్నారు కనుక ఇప్పుడు అంకెలు చెబుతాను.

ఎంజీబీ ఇంజను 1798 సీసీ, నాలుగు సిలిండర్లు. శక్తి 95 హార్స్‌పవర్. బరువు సుమారు 920 కిలోలు. మారుతి ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు, శక్తి నలభైకి కాస్త తక్కువ. బరువు సుమారు 650 కిలోలు. భాగహారం చేస్తే టన్నుకు ఎంజీబీకి నూరు గుర్రాలు, మారుతికి అరవై గుర్రాలు. ఎంజీబీ గంటకు 160 కిలోమీటర్లు కొంచెం దాటుతుంది. నిలబడిన చోటు నుంచి వంద అందుకోవడానికి పన్నెండు సెకన్ల పైన పడుతుంది. 1962లో అది గొప్ప వేగం. ఇప్పుడు మన ఊరి బస్టాండు దగ్గర నిలబడిన ఏ స్విఫ్ట్ అయినా దానికి దీటుగా వస్తుంది. పైగా ఏసీ వేసుకుని, పాటలు వింటూ.

మరి స్పోర్ట్స్ కారులో ఏముందని జనం వెంటబడతారు? అంకెల్లో లేనిదేదో ఉంది. ఎంజీబీలో మనిషి నేల మీద కూర్చున్నంత కిందికి కూర్చుంటాడు. కాళ్ళు ముందుకు చాపి, పొడుగాటి బానెట్ చివర చూస్తూ నడపాలి. పైకప్పు మడిస్తే గాలి, కోసిన గడ్డి వాసన, సైలెన్సర్ చప్పుడు అన్నీ కలిసి మీద పడతాయి. స్టీరింగ్ బరువుగా ఉంటుంది కానీ రోడ్డు మీద గులకరాయి ఉన్నా చేతికి తెలుస్తుంది. గేరు కడ్డీ రెండంగుళాలు కదిపితే చాలు, టక్కున పడుతుంది. గంటకు అరవై కిలోమీటర్లలో వెళ్తున్నా నూట ఇరవైలో వెళ్తున్నట్టుంటుంది. వేగం కంటే వేగంగా వెళ్తున్నామన్న భావన ఎక్కువగా అమ్మిన కారు అది.

మారుతి మరో రకం. అది మనిషిని ఏమీ అడగదు. క్లచ్ తేలిక, స్టీరింగ్ తేలిక, సందులో తిప్పడం తేలిక. పొడుగు పదకొండు అడుగులే. పన్నెండంగుళాల చక్రాలు. ఇంజను అడ్డంగా పెట్టి ముందు చక్రాలనే తిప్పడం వల్ల మధ్యలో గొట్టం పోనక్కర్లేదు, లోపల నేలంతా చదును. ఎంజీబీలో ఇంజను నిలువుగా ఉండి వెనక చక్రాలను తిప్పుతుంది, దాని గేరుబాక్సూ దండెమూ పోవడానికే మధ్య చోటంతా సరిపోతుంది. అందుకే ఎంజీబీ మారుతి కంటే రెండడుగులు పొడుగైనా ఇద్దరికే చోటు. మారుతిలో కాగితం మీద నలుగురైదుగురు, మన ఊళ్ళో అయితే ఏడుగురు, పిల్లల్ని లెక్కపెట్టకుండా.

హ్యాచ్‌బ్యాక్ అన్న మాటకు అర్థం కూడా ఇక్కడే ఉంది. వెనక అద్దంతో సహా తలుపు పైకి లేస్తుంది, వెనక సీటు మడిస్తే అది చిన్న లారీ. మా నాన్నగారి బండిలో వడ్ల బస్తాలు, గ్యాస్ బండ, పెళ్ళికి అద్దెకు తెచ్చిన గుండిగలు, ఒకసారి మేకపిల్లతో సహా వచ్చాయి. ఒక తమాషా చెప్పాలి. 1965లో ఎంజీబీకే వెనక తలుపు పెట్టి, ఇటలీ వాళ్ళు పినిన్‌ఫరీనా సాయంతో గీతలు దిద్ది, జీటీ అని ఇంకో రకం తెచ్చారు. అంటే స్పోర్ట్స్ కారుకే సంసారం మీద బుద్ధి పుట్టింది. పెళ్ళయిన ఎంజీబీ యజమానులు చాలామంది ఆ జీటీకి మారారు.

ఇక నిర్వహణ. ఇక్కడే రెండు కార్ల స్వభావం బయటపడుతుంది. ఎంజీబీకి ఎస్‌యూ కార్బురేటర్లు రెండు. రెండూ సమానంగా గాలి పీల్చాలి. అది చూడటానికి మెకానిక్ ఒక రబ్బరు గొట్టం చివర చెవిలో పెట్టుకుని, రెండో చివర ఒకసారి ఈ కార్బురేటర్ నోటి దగ్గర, ఒకసారి దాని దగ్గర పెట్టి వింటాడు, డాక్టరు గుండె చూసినట్టు. రెండు బుసలూ ఒకేలా వినిపించేదాకా మర తిప్పుతాడు. వాటి కుప్పెల్లో అప్పుడప్పుడు కాస్త నూనె పోయాలి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు చూసుకోవాలి. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి పెట్టడానికి బదులు ఆరు వోల్టులవి రెండు సీట్ల వెనక గుంటలో దాచారు. ఏ ఒక్కటి పోయినా బండి కదలదు. ఊచల చక్రాలు ఊడదీయాలంటే మధ్యలో ఉన్న పెద్ద రెక్కల మరను మెత్తటి సుత్తితో కొట్టి తిప్పాలి. ఇవన్నీ ఆదివారం పూట చేస్తుంటే సరదాగా ఉంటాయి. సోమవారం ఆఫీసుకు ఆలస్యమవుతున్నప్పుడు అంత సరదాగా ఉండవు.

అన్నిటికంటే పెద్ద శత్రువు తుప్పు. ఎంజీబీకి విడిగా ఛాసీ ఉండదు, బాడీయే అస్థిపంజరం. పైకప్పు లేని కారు కనుక తలుపుల కింద ఉండే పెట్టె కమ్ములే బలమంతా మోస్తాయి. ఇంగ్లండులో చలికాలం మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు ఈ కమ్ముల్లో చేరి లోపలి నుంచి తినేస్తాయి. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది. నా కారుకు ఆ కమ్ములు రెండు వైపులా కోయించి కొత్తవి అతికించాను. దానికైన ఖర్చుతో ఇక్కడ అప్పట్లో మంచి సెకండ్ హ్యాండ్ మారుతి వచ్చేది. పాత కారు కొనేవాళ్ళకు నా సలహా ఒకటే: రంగు చూడకండి, వంగి కింద చూడండి.

మారుతికి ఏం చేశాం? నూనె మార్చాం, ప్లగ్గులు మార్చాం, క్లచ్ ప్లేటు మూడుసార్లు, రేడియేటర్ ఒకసారి. మన సముద్రపు గాలికి దానికీ తుప్పు పట్టింది, తలుపుల అడుగున రెండుసార్లు టింకరింగ్ చేయించాం. లీటరుకు పదహారు, పద్ధెనిమిది కిలోమీటర్లు ఇచ్చింది. ఎంజీబీ పది ఇస్తే సంతోషించాలి. మారుతికి ఏ ఊళ్ళో ఆగినా చెట్టు కింద షెడ్డు వేసుకున్న కుర్రాడు కూడా సామాను పెట్టి బాగుచేసి పంపేవాడు. ముప్ఫై ఏళ్ళపాటు ఈ దేశంలో మెకానిక్కులకు అది బడి. ఎన్ని వేలమంది దాని మీద పని నేర్చుకున్నారో!

ఇక్కడ మన ప్రాంతానికి నేరుగా సంబంధమున్న ముచ్చట ఒకటి చెప్పాలి. ఎంజీబీ ఇంజను మనకు కొత్తది కాదు. ఇంగ్లండులో బీఎంసీ కంపెనీ 'బి సిరీస్' అని ఒక ఇంజను కుటుంబాన్ని చేసింది. దానిలో 1489 సీసీ ఇంజను మన అంబాసిడర్‌లో పెట్టారు. దానినే పెంచి పెద్దచేసి 1798 సీసీ చేస్తే ఎంజీబీ ఇంజను. అంటే మన పెళ్ళిళ్ళకు పూలదండలతో తిరిగిన అంబాసిడర్, ఇంగ్లండు కుర్రవాళ్ళు తల పాపిడి చెదిరేలా తిరిగిన ఎంజీబీ పెదనాన్న పిల్లలు. ఒకసారి సెలవుల్లో వచ్చినప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయనకు నా ఎంజీబీ ఇంజను ఫొటో చూపించాను. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఇది మన అంబాసిడర్ ఇంజనేనయ్యా, కార్బురేటర్ రెండు పెట్టారంతే" అన్నాడు. ఇంజనీరింగ్ పట్టా ఉన్న నాకు ఆ సంగతి పుస్తకం చూశాకే తెలిసింది. ఆయనకు చూడగానే తెలిసింది.

భద్రత విషయంలో మాత్రం రెండింటినీ పొగడలేను. రెండింట్లోనూ ఎయిర్ బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. ఎంజీబీ పైకప్పు గుడ్డ. మారుతి తలుపు రేకు వేలితో నొక్కితే లోపలికి పోతుంది. పాత కార్లు ఇనుములా గట్టిగా ఉండేవని పెద్దవాళ్ళం అంటుంటాం. గట్టిగా ఉండటం వేరు, లోపలి మనిషిని కాపాడటం వేరు. ఇవాళ్టి కారు ముందుభాగం తాను నలిగి దెబ్బను మింగుతుంది. అందుకని ఏ యువకుడైనా రోజూ హైవే మీద తిరగడానికి పాత కారు కొంటానంటే నేను వద్దంటాను. ప్రేమ ఉంటే ఆదివారం పొద్దున్నే, ఖాళీ రోడ్డు మీద, నెమ్మదిగా.

ఇక ఎవరు దేన్ని ప్రేమిస్తారో చూద్దాం. ఇంగ్లండులో నా ఎంజీబీ పెట్రోలు బంకు దగ్గర ఆగితే చాలు, ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తారు. "మా నాన్నకుండేది", "నేను కాలేజీలో ఉన్నప్పుడు కొనాలనుకున్నా" అంటారు. ఎంజీ కార్ క్లబ్ 1930 నుంచి ఉంది. ఎంజీ ఓనర్స్ క్లబ్ 1973లో పెట్టారు. మర దగ్గర్నుంచి మడ్‌గార్డు దాకా పోస్టులో వస్తుంది. ఫ్యాక్టరీ మూతపడిన ఎనిమిదేళ్ళకు, 1988లో, పాత అచ్చులు వెదికి తెచ్చి ఎంజీబీ బాడీని మళ్ళీ కొత్తగా చేయడం మొదలుపెట్టారు. అక్కడి చట్టం కూడా దయ చూపిస్తుంది: నలభై ఏళ్ళు దాటిన కారుకు రోడ్డు పన్ను లేదు, ఏటా తనిఖీ తప్పనిసరి కాదు. నేను ఈ రోజు కన్నుమూస్తే ఆ ఎర్ర కారును చూసుకునేందుకు పదిమంది వరసలో నిలబడతారు.

మారుతి 800 పాతిక లక్షలకు పైగా తయారైంది. 2010 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నిబంధనలు రావడంతో హైదరాబాదుతో సహా 13 నగరాల్లో అమ్మకం ఆపేశారు. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. ఇప్పుడు రోడ్డు మీద దాన్ని చూసి ఎవరూ ఆగరు. వెనకనుంచి హారన్ కొడతారు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళితే నిజాముల 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్‌ను అద్దాల వెనక చూడొచ్చు. ఆ కారు చాలా తక్కువ తిరిగింది, అందుకే మిగిలింది. హర్పాల్ సింగ్‌గారు తన మొదటి మారుతిని జీవితాంతం అమ్మకుండా ఉంచుకున్నారు. ఆయన పోయిన తరువాత ఆ బండి కూడా ఎండకూ వానకూ పాడైంది. చివరికి కంపెనీయే దాన్ని బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో పెట్టుకుంది. దేశంలో మొదటి మారుతి పరిస్థితే అది. పాతిక లక్షలలో మామూలు మారుతి సంగతి చెప్పేదేముంది?

ఇప్పుడు యాభై అనే అంకె దగ్గరికి వస్తున్నాను. మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ తరువాత తనిఖీ చేయించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 2022లో ఆ రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. తుక్కుకు ఇస్తే సర్టిఫికెట్ ఇస్తారు, దానితో కొత్త కారు పన్నులో రాయితీ వస్తుంది. యాభై ఏళ్ళు నిండితే మళ్ళీ గౌరవం మొదలు: వింటేజ్ నంబరు, ప్రదర్శనలు, ర్యాలీలు. పదిహేను దాకా అది ఉపయోగం. యాభై తరువాత అది వారసత్వం. మధ్యలో ముప్ఫై అయిదేళ్ళున్నాయి చూడండి, ఆ కాలంలో దానికి ఏ పేరూ లేదు. అప్పుడది ఉత్త పాత బండి. ఆ ముప్ఫై అయిదేళ్ళూ ఎవరో ఒకరు నూనె మారుస్తూ, రుసుము కడుతూ, ఇంట్లోవాళ్ళ చేత మాటలు పడుతూ ఉంటేనే ఏ బండి అయినా యాభైకి చేరుతుంది. యాభయ్యో ఏట సన్మానం చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇరవయ్యో ఏట కాపాడేవాడు ఒక్కడు దొరకడం కష్టం.

ప్రభుత్వాన్ని తప్పుపట్టడం లేదు. పాత ఇంజను పొగ నిజం, పిల్లల ఊపిరితిత్తులు నిజం. అన్ని మారుతీలూ మిగలాలని నేననను. ఊరికొకటి మిగిలితే చాలు. కానీ ఆ ఒక్కటి దానంతట అది మిగలదు.

మా ఇంట్లో ఇప్పుడు ఈ ప్రశ్నే వచ్చింది. నాన్నగారి బండి రిజిస్ట్రేషన్ 2027 దాకా ఉంది. మా తమ్ముడు ఇల్లు కూల్చి కొత్తది కట్టుకోవాలనుకుంటున్నాడు, షెడ్డు ఉండదు. "అన్నయ్యా, నువ్వు ఏడాదికి నెలరోజులు వస్తావు, మిగతా పదకొండు నెలలు దాని బాగోగులు నేనే చూస్తున్నాను, ఇక నావల్ల కాదు" అన్నాడు. వాడన్నది న్యాయమే. నాకూ అరవై అయిదు దగ్గర పడుతోంది. రెండు దేశాల్లో రెండు ముసలి కార్లను సాకే ఓపిక లేదు. ఒకటే ఉంచుకోవాలి. చూసినవాళ్ళంతా చెప్పేది ఒకటే మాట: ఎంజీబీ ఉంచుకోండి, మారుతి ఇచ్చేయండి అని. విలువ చూస్తే వాళ్ళు చెప్పింది నిజమే. మారుతికి తుక్కువాడు ఇచ్చే డబ్బు ఎంజీబీ నాలుగు టైర్ల ఖరీదు కూడా కాదు.

నేను ఆలోచించింది ఇలా. ఎంజీబీ నాకు ఆదివారాలు ఇచ్చింది. చాలా అందమైన ఆదివారాలు, కాదనను. మారుతి మా ఇంటికి మిగతా ఆరు రోజులూ ఇచ్చింది. 1990 మే తుపాను వెళ్ళిన మర్నాడు, రోడ్ల మీద నీళ్ళు తగ్గకముందే, నొప్పులు పడుతున్న పక్కింటి వదినను నాన్నగారు దానిలోనే ఆస్పత్రికి చేర్చారు. ఆ పుట్టిన పిల్ల ఈ బడిలోనే చదివింది, ఇప్పుడు ఇక్కడే కూర్చుంది, పేరు చెప్పను, సిగ్గుపడుతుంది. 1992లోనూ 2004లోనూ కృష్ణా పుష్కరాలకు మా నాయనమ్మనూ అమ్మమ్మనూ దానిలోనే తీసుకెళ్ళాం. మా చెల్లెలి పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను స్టేషను నుంచి తెచ్చింది అదే, ఆఖరిసారి నాన్నగారిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిందీ అదే. దీనిలో ఏ ఒక్కదానికీ ఎంజీబీ పనికొచ్చేది కాదు. దానిలో వెనక సీటే లేదు.

అందుకని ఎంజీబీని అమ్ముతున్నాను. దాన్ని నాకంటే బాగా చూసుకునేవాళ్ళు వేలమంది ఉన్నారు, దానికి క్లబ్బులున్నాయి, అచ్చులున్నాయి, చట్టం ఉంది. మారుతికి మా ఇల్లు తప్ప ఎవరూ లేరు. ఊరి చివర మా బాబాయిగారి దొడ్లో రేకుల షెడ్డు వేయిస్తున్నాను. మన బడిలోనే చదివి ఇప్పుడు మెకానిక్ షెడ్డు నడుపుతున్న కుర్రాడు నెలకోసారి స్టార్ట్ చేసి, రెండు కిలోమీటర్లు తిప్పి, నూనె చూసి పెడతానన్నాడు. 2037లో దానికి యాభై నిండుతాయి. అప్పటికి నేనుంటానో లేదో, బండి ఉంటుంది.

ఇంతసేపూ కార్ల గురించే మాట్లాడాను, కార్యదర్శిగారి షరతు తప్పలేదు. చివరగా బడి గురించి ఒక్క నిమిషం.

ఇవాళ మన సంఘానికి బంగారు పండగ. మన సంఘానికి కూడా ఆ ముప్ఫై అయిదేళ్ళు ఉన్నాయి. మొదట్లో ఉత్సాహంగా పెట్టినవాళ్ళ పేర్లు ఈ సంచికలో ఉన్నాయి, ఈ రోజు ఘనంగా చేస్తున్నవాళ్ళ పేర్లూ ఉన్నాయి. మధ్యలో, సమావేశానికి ఆరుగురు కూడా రాని సంవత్సరాల్లో, తన జేబులోంచి పోస్టుకార్డులు కొని అందరికీ రాసినవాళ్ళున్నారు. వర్షానికి కారే గదిలో గొడుగు పట్టుకుని పాఠం చెప్పిన మాస్టార్లున్నారు. ఇనప పట్టా గంటను ముప్ఫై ఏళ్ళు ఒక్క నిమిషం తేడా లేకుండా కొట్టిన అటెండరుగారున్నారు. వాళ్ళను చూసి ఎవరూ ఆగి ఫొటో తీసుకోలేదు. వాళ్ళు మన మారుతీలు. వాళ్ళు మోసుకొస్తేనే మనం ఈ యాభైకి చేరాం. కార్యవర్గం వాళ్ళు ఆ పేర్లన్నీ వెదికి రాయించాలని నా విన్నపం. చెప్పగలిగినవాళ్ళు ఇంకా మన మధ్యే ఉన్నారు, ఆలస్యం చేయకండి.

ఎంజీబీ అమ్మిన డబ్బులో కొంత సంఘానికి ఇవ్వాలనుకుంటున్నాను. పెద్ద మొత్తమేమీ కాదు. నాదీ ఒక షరతు ఉంది, కార్యదర్శిగారు నాకు పెట్టినట్టే. దానితో కొత్తగా ఏమీ కట్టకండి. ముఖద్వారం తోరణం వద్దు, శిలాఫలకం వద్దు, నా పేరు అసలే వద్దు. ఉన్నవాటిని బాగుచేయండి. సైన్సు ల్యాబులో కాలు విరిగిన బల్లలు, మరుగుదొడ్ల దగ్గర పనిచేయని మోటారు, వాన నీళ్ళు దిగే డాబా మూల. రంగు వేయడానికి ముందు వంగి కింద చూడండి.

 భోజనాల తరువాత మారుతి బడి గేటు దగ్గరే ఉంటుంది. తాళాలు మా తమ్ముడి దగ్గరున్నాయి. ఎక్కి తిరగాలనుకున్నవాళ్ళు తిరగొచ్చు. ఒకసారికి ఏడుగురే.

సెలవు.